రంగు ఆరేలోపు...

పోయిన నెల ఒకే వారంలో రెండు చిన్న సంగతులు జరిగాయి. రెంటికీ సంబంధం ఉందని అప్పుడు నాకు తట్టలేదు.

మొదటిది ఇక్కడ డాలస్‌లో. మా టీములో ఒక టెక్సాస్ పెద్దాయన ఉన్నాడు. పికప్ ట్రక్కంటే ప్రాణం. మామూలుగా ట్రక్కు వెనక సామాను వేసే తొట్టికి లోపలివైపు గరుకుగా ఒక పూత వేయిస్తారు, గీతలు పడకుండా, తుప్పు పట్టకుండా. దాన్ని బెడ్ లైనర్ అంటారు. ఈయన ఆ పూతని తొట్టికి మాత్రమే కాదు, డోర్లకీ బానెట్‌కీ బంపర్లకీ, మొత్తం బండికి కొట్టించుకొచ్చాడు. ముట్టుకుంటే ఏనుగు చర్మంలా ఉంది. "నీ తాళంచెవితో గీకి చూడు" అన్నాడు. భయపడుతూనే గీకాను. బండికేం కాలేదు, నా తాళంచెవికే నల్లగా అంటుకుంది.

రెండోది గుంటూరు నుంచి ఫోను. ఇంట్లో వార్డ్‌రోబులు చేయిస్తున్నారు. మా అమ్మ అడిగింది: "ఒరే, చెక్కకి డ్యూకో కొట్టమంటారా, పీయూ కొట్టమంటారా అని పెయింటరు అడుగుతున్నాడు. పీయూ అయితే రేటు ఎక్కువంట. ఏది మంచిది?"

నాలుగేళ్ళు మెకానికల్ ఇంజనీరింగ్ చదివి జావా రాసుకు బతుకుతున్నవాణ్ణి, నాకేం తెలుసు? "కనుక్కుని చెప్తానమ్మా" అని ఫోన్ పెట్టేశాను. ఆ కనుక్కోవడం రెండు వారాంతాలు మింగేసింది. తీరా చూస్తే మా అమ్మ ప్రశ్నా, మా పెద్దాయన ట్రక్కూ ఒకే కథలో రెండు అధ్యాయాలని తేలింది. ఆ కథే ఈ టపా.

నలుపు ఒక్కటే ఎందుకు?

ఫోర్డ్ మోడల్ టీ గురించి మేనేజ్‌మెంట్ క్లాసుల్లో ఒక జోకు తప్పకుండా చెప్తారు. కస్టమరు ఏ రంగైనా కోరుకోవచ్చు, కాకపోతే అది నలుపై ఉండాలని ఫోర్డ్ అన్నాడని. నిజానికి 1908లో ఆ కారు మార్కెట్లోకి వచ్చినప్పుడు ఎరుపు, ఆకుపచ్చ, బూడిద రంగుల్లో కూడా దొరికేది. నలుపు ఒక్కటే మిగిలింది 1914 నుంచి 1925 దాకా.

మధ్యలో ఏం జరిగింది? అసెంబ్లీ లైన్ వచ్చింది. 1913లో హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీలో లైన్ మొదలయ్యే ముందు ఒక ఛాసిస్ బిగించడానికి పన్నెండున్నర గంటలు పట్టేది. 1914 కల్లా అది 93 నిమిషాలకి దిగింది. బండి గంటన్నరలో తయారు, రంగు మాత్రం రోజుల తరబడి ఆరుతూనే ఉంటుంది. అప్పట్లో కార్లకి వేసేది గుర్రపు బగ్గీలకి వేసిన నూనె వార్నిషే. బ్రష్షుతో ఒక పూత వెయ్యడం, ఆరబెట్టడం, ఉప్పు కాగితంతో రుద్దడం, మళ్ళీ ఇంకో పూత. ఖరీదైన కార్లకి ఈ తతంగం రెండు నుంచి నాలుగు వారాలు సాగేది.

మన భాషలో చెప్పాలంటే బాటిల్‌నెక్ అన్నమాట. క్యూయింగ్ లెక్క వేసి చూడండి. రోజుకి 1000 బళ్ళు చేస్తూ ఒక్కోదాని రంగుకి 14 రోజులు పడితే, ఎప్పుడు చూసినా 14,000 బాడీలు దుమ్ము పడకుండా ఎక్కడో ఒకచోట ఆరుతూ ఉండాలి. అంత గోదాము ఎవరు కడతారు?

ఫోర్డ్ దొరకబుచ్చుకున్న ఉపాయం తారు కలిసిన నల్ల ఎనామిల్. దాన్ని ఓవెన్లో కాల్చి ఆరబెట్టొచ్చు. చవక, గట్టిది కూడా. తారు పుట్టుకే నలుపు కాబట్టి అందులో వేరే రంగు పలకదు. ఆ జోకు వెనకున్నది ఫోర్డ్ మొండితనం ఒక్కటే కాదు, ఆరే సమయం కూడా.

ఇక్కడ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. బండి రంగుల చరిత్ర అంటే నిజానికి ఆరే సమయం చరిత్ర. ఇక ముందంతా ఇదే.

తుపాకి మందు నుంచి నీలం కారు

మా అమ్మ అడిగిన డ్యూకో ఇక్కడే పుట్టింది. డ్యూకో అంటే అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ పెట్టుకున్న బ్రాండు పేరు. ఆ పేరు మన వడ్రంగుల నోట్లో మామూలు తెలుగు మాటైపోయింది, వనస్పతి అన్నిటినీ డాల్డా అన్నట్టు.

డ్యూపాంట్ మొదట్నుంచీ తుపాకి మందు కంపెనీ. పత్తి నారని నైట్రిక్ ఆమ్లంతో కలిపితే నైట్రోసెల్యులోజ్ వస్తుంది. పొగరాని తుపాకి మందుకి అదే మూలం, పాతకాలం సినిమా రీళ్ళకీ అదే. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ కంపెనీ ఈ సరుకు విపరీతంగా తయారు చేసింది. 1918లో యుద్ధం అయిపోయింది. ఫ్యాక్టరీలున్నాయి, కొనేవాడు లేడు. దీన్ని ఇంక దేనికి వాడాలి?

ద్రావకంలో కరిగించి రంగుగా వాడొచ్చని ముందే తెలుసు. కానీ చిక్కగా జిగురులా ఉండేది. పల్చన చేస్తే కొట్టినా కొట్టనట్టే, పూత నిలవదు. 1920లో న్యూజెర్సీలోని వాళ్ళ ప్రయోగశాలలో ఒక చిక్కటి ద్రావణం అనుకోకుండా పల్చబడిపోయింది, అందులో ఉన్న నైట్రోసెల్యులోజ్ మాత్రం తగ్గలేదు. అంటే ఒక్క పూతలోనే ఎక్కువ సరుకు ఎక్కించవచ్చు. ఎడ్మండ్ ఫ్లాహర్టీ అనే రసాయన శాస్త్రజ్ఞుడి పేరు మీద దాని పేటెంటు వచ్చింది. జనరల్ మోటార్స్‌తో కలిసి కుస్తీ పట్టి, 1923లో ఓక్లాండ్ అనే కారు మీద నీలం రంగులో డ్యూకోని జనంలోకి తెచ్చారు. వారాలు పట్టే పని ఒకటి రెండు రోజుల్లోకి వచ్చేసింది. రంగులు వచ్చాయి, ఏటేటా కొత్త మోడళ్ళు వచ్చాయి. ఫోర్డ్ కూడా 1926 మోడళ్ళకి మళ్ళీ రంగులు తేక తప్పలేదు.

ఇందులో ఒక మెలిక ఉంది. అప్పటికే డ్యూపాంట్ చేతిలో జనరల్ మోటార్స్ షేర్లు బోలెడున్నాయి, సుమారు 23 శాతం. ఆ వాటా అడ్డం పెట్టుకునే రంగులూ సీటు గుడ్డలూ అమ్ముకుంటున్నారని అమెరికా ప్రభుత్వం 1949లో కేసు వేసింది. 1957లో సుప్రీంకోర్టు ప్రభుత్వానికి అనుకూలంగా తీర్పు చెప్పింది. డబ్బాలో రంగు ఇంత దూరం పోయింది!

డ్యూకోతోపాటు మారిన ఇంకో విషయం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఇంత త్వరగా ఆరిపోయే రంగుని బ్రష్షుతో తియ్యడం కష్టం, గీతలు పడతాయి. స్ప్రే గన్‌తో కొట్టాలి. ఆ గన్ చరిత్ర చదివితే నవ్వాలో ఏడవాలో తెలీలేదు. అమెరికాలో టొలీడో అనే ఊళ్ళో అలెన్ డివిల్బిస్ అనే డాక్టరు 1880లలో రోగుల గొంతులోకి మందు చిమ్మడానికి ఒక బుడ్డి కనిపెట్టాడు. ఆయన కొడుకు థామస్ దాన్నే పెంచి రంగు కొట్టే గన్‌గా మార్చాడు. గొంతు బాగు చెయ్యడానికి పుట్టిన వస్తువు, పెయింటర్ గొంతులోకి థిన్నర్ ఆవిరి పంపించే వస్తువైంది. బ్రష్షు రోజుల్లో రంగు చేతికి అంటుకునేది. గన్ వచ్చాక గాల్లో కలిసింది.

తొట్టి కథ

ఇప్పుడు మా పెద్దాయన ట్రక్కు దగ్గరికొద్దాం. రైతులు తమ మోడల్ టీ కార్ల వెనక భాగం కోసేసి చెక్క పెట్టెలు బిగించుకుంటుంటే చూసి, ఫోర్డ్ 1925 ఏప్రిల్ 15న ఫ్యాక్టరీలోనే తొట్టి బిగించిన బండిని అమ్మకానికి పెట్టాడు. ధర 281 డాలర్లు. పికప్ అనే మాట ఊరూరా పాకింది.

కారు రంగుకి ఎండా వానే శత్రువులు. పికప్ తొట్టి సంగతి వేరు. ఇటుకలు, ఇనప కడ్డీలు, పారలు, ఎరువు బస్తాలు, ఒక్కోసారి ఆవుదూడ కూడా. ఎంత మంచి రంగు వేసినా మొదటి ట్రిప్పుకే గీసుకుపోతుంది. గీత పడ్డచోట నీరు చేరి తుప్పు మొదలవుతుంది. మంచు పడే రాష్ట్రాల్లో అయితే రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ఇక చెప్పక్కర్లేదు. చాలా ఏళ్ళపాటు తొట్టి అడుగున చెక్క పలకలు వేసి, మధ్య మధ్యలో ఇనప బద్దలు బిగించేవారు. పలక పాడైతే మార్చుకోవడమే.

తర్వాత మొత్తం ఉక్కు తొట్లు వచ్చాయి. వాటిని కాపాడ్డానికి 1970లు, 80లలో ప్లాస్టిక్ తొడుగులు అమ్మారు. తొట్టి ఆకారంలోనే ఉన్న ఇంకో ప్లాస్టిక్ తొట్టిని లోపల దింపేస్తే సరి. ఐడియా బాగానే ఉంది, కానీ రెండింటి మధ్యా సందు ఉంటుంది. ఇసకా నీళ్ళూ అందులోకి దూరతాయి. బండి అదిరినప్పుడల్లా తొడుగు ఆ ఇసకతో రంగుని రుద్దుతుంది. నాలుగేళ్ళ తర్వాత తొడుగు తీసి చూస్తే కింద తుప్పు గూడు కట్టి ఉంటుంది. బగ్గుని సరిచెయ్యకుండా పైన ఒక లేయర్ కప్పితే ఏమవుతుందో మనకు తెలియనిదా!

ఇంకో ప్రమాదం కూడా బయటపడింది. పెట్రోలు డబ్బాని ఆ ప్లాస్టిక్ తొడుగు మీదే ఉంచి బంకులో నింపుతుంటే, పుట్టిన స్థిర విద్యుత్తు భూమిలోకి పోయే దారి లేక నిప్పురవ్వ వచ్చి అంటుకుంటోంది. డబ్బాని కిందకి దించి నేల మీద పెట్టి నింపమని అమెరికా ప్రభుత్వ వృత్తి ఆరోగ్య పరిశోధనా సంస్థ నయోష్ 1998లో హెచ్చరిక జారీ చేసింది.

సెకన్లలో ఆరే పూత

సందు లేకుండా ఉక్కుకే అతుక్కుపోయే తొడుగు కావాలి. దానికి పునాది జర్మనీలో పడింది. 1937లో ఒట్టో బేయర్ అనే ఆయనా ఆయన సహచరులూ పాలీయురెథేన్ కనిపెట్టారు. మన పెయింటరు చెప్పే పీయూ అంటే ఇదే. ఐసోసయనేట్ అనే చురుకైన రసాయనాన్ని ఇంకో రసాయనంతో కలిపితే రెండూ గొలుసులు గొలుసులుగా పెనవేసుకుని గట్టిపడతాయి.

డ్యూకోకీ దీనికీ తేడా ఇక్కడే ఉంది. డ్యూకో ఆరడం అంటే థిన్నర్ ఆవిరైపోవడం, అంతే. మళ్ళీ థిన్నర్ పోస్తే కరుగుతుంది. పీయూ అలా కాదు, రసాయన చర్య జరిగిపోయింది, వెనక్కి తిప్పలేం. రోల్‌బ్యాక్ లేని కమిట్ అన్నమాట.

1980లలో టెక్సాస్‌లోనే, ఆస్టిన్‌లో, టెక్సకో రసాయన విభాగంలో డడ్లీ ప్రిమో అనే ఆయన ఇంకో అడుగు ముందుకేశాడు. ఐసోసయనేట్‌ని అమీన్లతో కలిపితే పాలీయూరియా వస్తుంది. ఇది ఎంత తొందరగా గట్టిపడుతుందంటే ముందే కలిపి డబ్బాలో ఉంచడం అసాధ్యం. రెండు పీపాల్లోంచి రెండు వేడి గొట్టాలు వస్తాయి, అధిక పీడనంతో గన్ మూతి దగ్గర ఢీకొని కలుస్తాయి. గోడకి తగిలిన కొన్ని సెకన్లలోనే జెల్ అయిపోతుంది. నిలువు గోడ మీద కొట్టినా కిందికి కారదు. రైనో లైనింగ్స్, 1993లో మొదలైన లైన్-ఎక్స్ లాంటి కంపెనీలు పాలీయురెథేన్, పాలీయూరియా జాతి పూతలని ట్రక్కు తొట్లలో కొట్టడాన్నే ఊరూరా ఫ్రాంచైజీ వ్యాపారంగా మార్చాయి.

దీని గట్టిదనం ఎక్కడిదాకా పోయిందంటే, 1990ల చివర్లో అమెరికా వైమానిక దళం పరిశోధకులు ఫ్లోరిడాలోని టిండాల్ స్థావరంలో గోడలకి ఈ తరహా పూత కొట్టి పక్కనే బాంబులు పేల్చి చూశారు. గోడ పగిలింది కానీ ముక్కలు ఎగిరి లోపలున్నవాళ్ళ మీద పడకుండా పూత సంచిలా పట్టి ఉంచింది. బాంబు దాడుల్లో చాలామంది చనిపోయేది, గాయపడేది ఎగిరే ముక్కల వల్లే. తర్వాత పెంటగాన్ గోడలకి కూడా ఇలాంటి పూత వాడారు.

వారాల నుంచి రోజులకి, రోజుల నుంచి సెకన్లకి. సుమారు 70 ఏళ్ళలో ఆరే సమయం ఇలా కరిగిపోయింది. గొప్ప విజయమే. మరి ఈ తొందర బిల్లు ఎవరు కట్టారు?

గన్ పట్టుకున్న మనిషి

2003లో మిషిగన్ రాష్ట్రంలో ఇలా లైనర్లు కొట్టే షాపులో పనిచేసే 45 ఏళ్ళ మనిషి ఒక వ్యానులో పూత కొడుతూ ఉబ్బసం తిరగబెట్టి చనిపోయాడు. కారణం ఎం.డి.ఐ. అనే ఐసోసయనేట్. ఈ మరణం తర్వాత నయోష్ 2006లో ప్రత్యేకంగా ట్రక్కు బెడ్ లైనర్ పనివాళ్ళ గురించే ఒక హెచ్చరిక పత్రం అచ్చువేసింది. ఉబ్బసం, మరణం అన్న రెండు మాటలూ దాని శీర్షికలోనే ఉన్నాయి.

ఐసోసయనేట్ అనగానే మనకి గుర్తొచ్చే ఊరు భోపాల్. 1984 డిసెంబర్ 2 రాత్రి అక్కడ లీకైంది మిథైల్ ఐసోసయనేట్. ఇక్కడ జాగ్రత్తగా మాట్లాడాలి. ఆ రసాయనమూ ఈ ఎం.డి.ఐ.యూ ఒకటి కాదు. అది ఇట్టే ఆవిరయ్యేది, ఇది మామూలు వేడికి పెద్దగా ఆవిరవ్వదు. కానీ రెండిట్లోనూ ఉన్న చురుకైన కొస ఒకటే. వేడిచేసి గన్‌తో చిమ్మినప్పుడు ఆవిరవ్వకపోయినా తుంపరలుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

అసలు చిక్కు ఏంటంటే ఇది ఒంటికి గుర్తుండిపోతుంది. కొన్నాళ్ళు పనిచేసిన వాళ్ళలో కొందరికి ఒళ్ళు దానికి ఎదురుతిరగడం మొదలవుతుంది. ఆ తర్వాత అతి కొద్ది మోతాదు తగిలినా ఊపిరాడదు. చాలామందికి ఇక ఆ పనే మానుకోవాల్సి వస్తుంది. అమెరికాలో ఎం.డి.ఐ.కి చట్టబద్ధమైన గరిష్ఠ పరిమితి గాలిలో 0.02 పీపీఎం, అంటే పది కోట్లలో రెండు పాళ్ళు. అంత తక్కువ పాళ్ళని ముక్కు పసిగట్టలేదు. వాసన వచ్చిందంటే అప్పటికే పరిమితి దాటిపోయిందని అర్థం. అందుకే బయటి నుంచి గొట్టంతో మంచి గాలి అందించే మాస్కు పెట్టుకోమంటారు. రుమాలూ, దుమ్ము మాస్కూ దీని ముందు ఉన్నా లేనట్టే.

ఐరోపా యూనియన్ 2023 ఆగస్టు 24 నుంచి, ఈ రకం రసాయనం 0.1 శాతం దాటి ఉన్న సరుకు పని కోసం వాడే ప్రతి ఒక్కరికీ శిక్షణ తప్పనిసరి చేసింది. పాలీయురెథేన్ పుట్టిన 86 ఏళ్ళకి!

చక్రం తిరిగింది

మా పెద్దాయన ట్రక్కుకి కొట్టింది వేడి పాలీయూరియా కాదని తర్వాత చెప్పాడు. యూ-పోల్ అనే బ్రిటిష్ కంపెనీ తయారుచేసే రాప్టర్ అనే సరుకు. మూడు పాళ్ళ రంగులో ఒక పాలు హార్డెనర్ కలిపి, బాగా కుదిపి, చిన్న కంప్రెసర్‌తో ఎవరైనా గ్యారేజీలో కొట్టుకోవచ్చు. కావాల్సిన రంగు కలుపుకోవచ్చు. బండి మొత్తానికి లైనర్ కొట్టే ఫ్యాషన్ ఇంతగా పాకడానికి ఇదో ముఖ్య కారణం. వేసేముందు తుప్పు గీకి, శుభ్రంగా రుద్దకపోతే లోపల తుప్పు తన పని తను చేసుకుపోతుంది. వేశాక వద్దనుకుంటే తియ్యడం నరకం. ఆ హార్డెనర్‌లో ఉండేదీ ఐసోసయనేటే. ప్రమాదం షాపులోంచి ఇంటి గ్యారేజీలోకి వచ్చిందన్నమాట.

చివరిగా నన్ను కుర్చీలోంచి లేపిన సంగతి ఇది. డ్యూపాంట్ 2013లో తన బండి రంగుల వ్యాపారాన్ని అమ్మేసింది. కొన్నవాళ్ళు దానికి యాక్సాల్టా అని పేరు పెట్టారు. ఆ యాక్సాల్టా 2021లో యూ-పోల్‌ని కొనేసింది. అంటే నూరేళ్ళ క్రితం డ్యూకో తెచ్చిన వంశం చేతుల్లోకే మా పెద్దాయన ట్రక్కు మీది రాప్టర్ వచ్చి చేరింది. డ్యూకోనా, పీయూనా అని మా అమ్మ అడిగిన ప్రశ్నకి ఒకే ఇంటిపేరున్న ఇద్దరు అన్నదమ్ములు జవాబన్నమాట :)

అమ్మకి ఏం చెప్పాను?

వాట్సాప్ వీడియోలో పెయింటర్‌తోనే మాట్లాడాను. నలభై ఏళ్ళుంటాయేమో. పక్క గదిలో తలుపులకి ప్రైమర్ కొడుతున్నాడు. ముక్కుకి తువ్వాలు, కిటికీలు మూసి ఉన్నాయి, దుమ్ము పడుతుందని.

"అన్నా, పీయూ హార్డెనర్ డబ్బా మీద ఏం రాసుందో ఒకసారి చూపిస్తావా?" అన్నాను. డబ్బా కెమెరా దగ్గర పెట్టాడు. చిన్న అక్షరాల్లో ఐసోసయనేట్ ఉందనీ, పీలిస్తే అలర్జీ, ఉబ్బసం రావచ్చనీ, తగిన మాస్కు వాడమనీ ఉంది. అంతా ఇంగ్లీషే.

"ఇన్నేళ్ళుగా కొడుతున్నావు కదా, ఇది ఎవరైనా చదివి చెప్పారా?"

"మనకెక్కడ వచ్చు బాబూ ఇంగ్లీషు. కలపాల్సిన కొలత బొమ్మ ఉంటే చాలు. రాత్రిపూట కొంచెం ఆయాసం వస్తది, దుమ్ము వల్లనుకుంటా."

ఆ ఆయాసం దుమ్ము వల్లేనేమో, నేను డాక్టర్ని కాదు. చూపించుకోమని చెప్పాను. "పీయూ వద్దమ్మా, లామినేట్ అతికించేయండి, గీతలు కూడా తక్కువ పడతాయి" అని అమ్మకి చెప్పాను. "మరి నాకు పని పోద్ది కదా బాబూ" అన్నాడు అతను పక్కనుంచి, నవ్వుతూనే.

నా దగ్గర జవాబు లేదు. మాట్లాడుకున్న కూలి మొత్తం ఇమ్మన్నాను, ఒక మంచి మాస్కు కొని పంపాను. అదేమంత గొప్ప పరిష్కారం కాదని నాకూ తెలుసు. అతను ఇంకో ఇంట్లో ఇంకో వార్డ్‌రోబుకి అదే కొడతాడు, కిటికీలు మూసుకునే.

మీ ఇంట్లోనో, మీ బండికో ఎవరైనా రంగు కొడుతుంటే ఒక్క పని చెయ్యండి. హార్డెనర్ డబ్బా తిప్పి, మీకు వచ్చిన ఇంగ్లీషుతో చదివి, అతనికి తెలుగులో చెప్పండి. కిటికీ తియ్యండి. దుమ్ము పడితే మళ్ళీ రుద్దుకోవచ్చు, ఒక రోజు ఆలస్యమవుతుంది. కానివ్వండి.